అరవై రెండో అతుకు

అయ్యా, కొనుగోలు ఆఫీసర్లూ, మేనేజర్లూ! మిమ్మల్నే అంటున్నాను, పక్కకి చూడకండి. ఇనుము అరగదీసే మిషను ఏ బ్రాండుది కొనాలో తేల్చేది మీరు. డబ్బా మీది బొమ్మ చూస్తారు, డీలరు ఇచ్చే కొసరు చూస్తారు, కాగితం మీద ఒక గీత గీసి తేల్చేస్తారు. నడుస్తున్న మిషనును ఒక్క పావుగంట పట్టుకున్నారా ఎప్పుడైనా? పట్టుకుని వదిలాక మీ చొక్కా గుండీ మీరు పెట్టుకోగలిగారా? ఒక ఆడమనిషి చేతులు తినేశారు మీరు. తినేసి మూతి తుడుచుకుని, ఆవిడే కోరుకుంది అని రాసి పెట్టుకున్నారు. ఏం జరిగిందో ఇక్కడ ఉంది. చదవండి.

ఆ పొద్దున చలి ఎక్కువగా ఉంది. అందరూ నునుపక్క అని పిలిచే ఆవిడ మంచం అంచున కూర్చుని చేతులు ముందుకు చాపింది. కుడిచేతి నాలుగు వేళ్లూ రెండో కణుపు దాకా తెల్లబడ్డాయి. మైనం పోసి చేసినట్టున్నాయి. గిల్లినా తెలియదు. అత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుని కోడలి పనిచొక్కా గుండీలు కింద నుంచి పైకి పెడుతోంది.

“కాసేపు ఆగితే వేళ్లలోకి నెత్తురు వస్తుంది కదే. అంత తొందరేంటి?”

“వచ్చేటప్పుడు మంటెత్తిపోతాయి అత్తా. ఆ మంట కంటే ఇదే నయం. కానివ్వు, సైరను మోగుతుంది.”

“కాపురానికి వచ్చిన కొత్తలో నా చేత ఒక్క మాట పడ్డావా నువ్వు? ఇప్పుడు చూడు, గుండీలు పెట్టించుకుంటున్నావు. రేపు ముక్కు కూడా నేనే తుడవాలేమో.”

“తుడుద్దువులే. నీకూ పొద్దుపోవాలిగా.”

“నవ్వులాటగా ఉందా నీకు? ఆ చెయ్యి పడిపోతే మనిద్దరి నోట్లోకి నాలుగు వేళ్లు వెళ్లే దారేది? ఈ వయసులో నన్ను పట్టుకోమంటావా మిషను?”

“నువ్వు పట్టుకుంటే మిషనే భయపడి ఆగిపోతుంది.”

అత్త చివరి గుండీ పెట్టి, కోడలి దవడ మీద ఒకటి వేసింది. కొంచెం గట్టిగానే వేసింది.

పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరు ఆ వేళ్లను సూదితో పొడుచుకుంటూ పోయాడు. ఎక్కడ తెలిస్తే అక్కడ చెప్పమన్నాడు. ఆమె చాలాసేపు ఏమీ చెప్పలేదు. “మిషను వణుకు నరాల్లోకి పోయిందమ్మా. ఇలాగే సాగితే ఏడాదిలో ఈ చేతికి పట్టు ఉండదు. వణుకు తక్కువున్న మిషను ఇమ్మని అడుగు. పట్టుకునే సేపు కూడా తగ్గించు” అన్నాడు. మొదటి మాట నునుపక్క మనసులో నాటుకుంది. రెండో మాటను అక్కడే వదిలేసి వచ్చింది. సేపు తగ్గించమని షెడ్డులో అడిగినవాడిని మొత్తానికే తగ్గించేస్తారు. పోయినేడు ఒకడు ధైర్యం చేసి మేనేజరుకి తన చేతులు చూపించాడు. “చేతులు బాగోకపోతే ఇంట్లో విశ్రాంతి తీసుకో నాయనా” అని మేనేజరు ఎంతో దయగా అన్నాడు. ఆ విశ్రాంతి ఇంకా నడుస్తూనే ఉంది.

ఆమె పనిచేసేది పొడుగాటి రేకుల షెడ్డు. పెద్ద భవనాల మెట్లకి ఇనుప రెయిలింగులు అక్కడ తయారవుతాయి. వెల్డర్లు కమ్మీలు అతికిస్తారు. అతుకు దగ్గర ఇనుము ఉబ్బి, మానిన పుండు మీద పొక్కులా ఉంటుంది. దాన్ని గ్రైండరు మిషనుతో అరగదీసి నున్నగా చెయ్యడం పన్నెండు మంది పని. ఆ పన్నెండు మందిలో నునుపక్క చెయ్యి వేరు. ఆమె దిద్దిన అతుకు మీద నూలుగుడ్డ లాగితే ఒక్క పోగు కూడా పట్టుకోదు. వెల్డర్లు కళ్లు మూసుకుని తడిమి, తాము అతికించిన చోటు తామే చెప్పలేక పందెం ఓడిపోయేవాళ్లు. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, ఎవరూ పిలవరు.

ఒక మెట్ల వరుసకి ఇరవై రెండు నిలువు కమ్మీలు. ఒక్కోదానికి కింద ఒక అతుకు, పైన ఒక అతుకు. మొత్తం నలభై నాలుగు. రోజుకి మనిషికి ఒక వరుస. ఈ లెక్క ఏ కాగితం మీదా లేదు, ఎప్పటి నుంచో ఉంది. వరుస పూర్తికాగానే మిషను ఆపి, చీపురు తీసి, బల్ల కింద ఇనుపరజను ఊడుస్తారు. సైరను మోగేదాకా ఊడుస్తారు. నేల అద్దంలా ఉన్నా ఊడుస్తారు. ‘వరుసయ్యాక చీపురు’ అన్నది ఆ షెడ్డులో సామెత. కొత్తగా చేరినవాళ్లకి మిషను పట్టుకోవడం కంటే ముందు ఇది నేర్పుతారు. నేర్పేది బాబాయి.

బాబాయి అందరిలోకీ పెద్దవాడు. ఆయన వేళ్లు చచ్చి నాలుగేళ్లయింది. మిషనును మణికట్టుతో అదిమి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి నడిపిస్తాడు. సైరనుకి సరిగ్గా ఐదు నిమిషాల ముందు ఆయన నలభై నాలుగో అతుకు అవుతుంది. రోజుకి ఒక వరుస అన్న లెక్క నిలబడి ఉన్నది ఆయన కోసమేనని అందరికీ తెలుసు. ఒక్కరూ పైకి అనరు.

ఆ పొద్దున నునుపక్క బల్ల మీద పాత మిషను లేదు. గంట బొమ్మ ఉన్న కొత్త డబ్బా ఉంది. పక్కన కొనుగోలు ఆఫీసరు ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో కాగితం బిగించిన అట్ట. మనిషి చెడ్డవాడేం కాదు. అందరినీ అమ్మా, అన్నా అని పిలుస్తాడు. ఇలాంటి మర్యాదస్తుల చేతుల మీదుగానే పని జరిగిపోతుంది.

“అమ్మా, పాత వైరు మిషన్లన్నీ తీసేస్తున్నాం. ఇక అన్నీ బ్యాటరీవే. గ్రైండరుకీ, డ్రిల్లుకీ, కోతమిషనుకీ ఒకటే బ్యాటరీ. సైటులోనూ ఇక్కడా ఒకటే బ్రాండు. రెండు బ్రాండ్లు పరీక్షకి తెచ్చాం. ఇవాళ ఇది వాడి చూడు. రేపు రెండోది.”

“నేనే ఎందుకు సార్?”

“నీ పనిని మించిన పని లేదు కదా. నువ్వు బాగుందంటే బాగున్నట్టే.”

పక్క బల్ల మీద పనిచేసే ఆవిడను షెడ్డంతా వదిన అంటారు. ఆవిడ నోరు తెరిస్తే ఎవరో ఒకరికి తగలాల్సిందే. “అబ్బో! ఇద్దరు పెళ్లికొడుకులు, ఒక్కతే పెళ్లికూతురు. చూసి చేసుకో. తాగొచ్చి తన్నేవాడెవడో ముందే తెలుసుకో” అంది.

ఆఫీసరు కూడా నవ్వాడు. “నిజమేనమ్మా. బ్యాటరీలన్నీ కొన్నాక మధ్యలో బ్రాండు మార్చలేం. ఐదేళ్లు కాపురం చెయ్యాల్సిందే.”

గంట మిషను బలమైనది, అందులో అనుమానం లేదు. మీట ముందుకి తోస్తే గొంతు చించుకుని లేచింది. ఇనుము మీద ఆనించగానే నిప్పురవ్వలు బల్ల దాటి ఎగిరాయి. పిడి వణుకు మోచెయ్యి దాటి, భుజం దాటి, దవడ పళ్లలోకి ఎక్కింది. పదో అతుకుకి ఆమె పళ్లు బిగబట్టింది. ఇరవయ్యో అతుకుకి ఎడమచేతి చిటికెనవేలు తెల్లబడింది. అంతవరకూ ఎడమచెయ్యి బాగుండేది. దాని మీట ఒకసారి తోస్తే అలాగే ఉండిపోతుంది, చెయ్యి జారినా మిషను ఆగదు. మధ్యాహ్నం చెయ్యి జారనే జారింది. మిషను బల్ల మీద పడి, తన్నుకుంటూ తిరిగి, కమ్మీ బిగించే వైసుకి కొట్టుకుని నిలిచింది. నునుపక్క వెనక్కి దూకింది కాబట్టి పొట్ట దక్కింది.

“తన్నేవాడు వీడే” అంది వదిన. ఈసారి నవ్వలేదు.

భోజనాల వేళ నునుపక్క రెండో డబ్బా తెరిచి చూసింది. దాని మీద కొంగ బొమ్మ. మిషను తీసి ఒక తుక్కు కమ్మీ మీద రెండు నిమిషాలు నడిపింది. ఆపి, తన చేతి వంక చూసుకుంది. మళ్లీ రెండు నిమిషాలు నడిపింది. తిరిగి డబ్బాలో పెట్టేసింది. ఇక ఆ రోజంతా ఆమె కళ్లు ఆ డబ్బా మీదే ఉన్నాయి.

గంట మిషనుతోనే సాయంత్రానికి వరుస పూర్తిచేసింది, అలవాటు కొద్దీ. చీపురు తీసింది. టీ గ్లాసు వేళ్ల మధ్య ఉందో లేదో తెలియక కింద పడేసింది. ఆఫీసరు వచ్చి, పెన్నుతో ఒక్కో అతుకునీ తట్టుకుంటూ లెక్కపెట్టాడు.

“నలభై నాలుగు.” అట్ట మీద రాసుకున్నాడు.

“లెక్క చూస్తారని చెప్పలేదేం సార్?”

“ముందే చెబితే మామూలుగా చెయ్యరు కదమ్మా. రేపు కొంగ బొమ్మది. దాని మీద ఎక్కువ వస్తే అదే తీసుకుంటాం. సమానంగా వస్తే గంటదే. దాని డీలరు మిషనుకో బ్యాటరీ కొసరిస్తున్నాడు.”

“మరి వణుకు ఎంతుందో రాసుకోరా?”

“దానికి ఇందులో గడి లేదమ్మా” అని ఆఫీసరు అట్ట ఆమె వైపు తిప్పి చూపించాడు. నిజమే, లేదు.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ముగ్గురు మిగిలారు. చన్నీళ్లు తగలగానే నునుపక్క ఎడమచెయ్యి కూడా పాలిపోయింది. వదిన ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతోంది.

“ముందే తెలిసుంటే ఇవాళ ముప్పై చేసి పారేసేదానివి. రేపు కొంగ మీద నలభై నాలుగు చేస్తే సరిపోయేది. ఇస్త్రీ చొక్కా అయితేనేం, బుర్రలో మడతలు బానే ఉన్నాయి.”

“రేపు కూడా ఒక వరుసే చెయ్యమ్మా” అన్నాడు బాబాయి.

“చేస్తే గంటది వస్తుంది బాబాయ్. ఐదేళ్లు. ఐదేళ్లు ఆగదు నా చెయ్యి, ఐదు నెలలు కూడా ఆగదు.”

“నలభై ఐదు చేసినా వరుస పోతుంది.”

“నీకేం, నీ వేళ్లు చచ్చిపోయి ఊరుకున్నాయి. నావి ఇంకా చస్తున్నాయి!”

అనేశాక నాలుక కరుచుకుంది. బాబాయికి కోపం రాలేదు. తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తుడుచుకున్న సంగతి తెలియడానికి చేతుల వైపు చూసుకున్నాడు. “అందుకే చెబుతున్నా. ఏ మిషనైనా వాళ్లదే. వరుస ఒక్కటే మనది. మంచి మిషను కావాలంటే ఇలా కాదు అడగడం. పన్నెండు మందిమీ వెళ్దాం. ఇరవై నాలుగు చేతులూ మేనేజరు బల్ల మీద పెడదాం. వీటికి ఏది పనికొస్తుందో చూసి కొనవయ్యా అందాం.”

వదిన పకపకా నవ్వింది. “ఇరవై నాలుగు చేతులు పెడితే ఇరవై నాలుగింటికీ విశ్రాంతి ఇస్తాడు.”

నునుపక్క కూడా నవ్వింది. బాబాయి రెట్టించలేదు. కుళాయి కట్టేసి ఎవరి దారిన వాళ్లు పోయారు. యుద్ధం అక్కడే, ఆ కుళాయి దగ్గరే ఓడిపోయారు. ఆ తర్వాతిదంతా శవం మోయడమే. ఈ మాట మేనేజర్లకి కాదు, మనకి.

మర్నాడు నునుపక్క కొంగ బొమ్మ మిషను చేతిలోకి తీసుకుంది. పిడికీ మోటారుకీ మధ్య మెత్తటి రబ్బరు కీలు ఉంది. కింద వెడల్పాటి రెక్కలాంటి మీట ఉంది. అదిమినంతసేపే నడుస్తుంది, వదిలితే రెండు లెక్కపెట్టేలోపు ఆగుతుంది. శబ్దం తేనెటీగల గూటిలో చెవి పెట్టినట్టుంది. మొదటి అతుకు మీద ఆనించి ఆమె వణుకు కోసం ఎదురుచూసింది. రాలేదు. వచ్చింది కాస్తా మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

ఇరవై ఏళ్లుగా ఇనుము మీద పనిచేస్తోంది కానీ ఇనుము ఇంత మాట్లాడుతుందని ఆమెకి తెలియదు. ఉబ్బు ఎక్కడ తగ్గిందో, డిస్కు ఎక్కడ ఎక్కువ కొరుకుతోందో చేతికి తెలుస్తోంది. పదకొండో అతుకు దిద్దాక అలవాటుగా వేలితో తడిమింది. ఠక్కున వెనక్కి లాక్కుంది. కాలింది! కుడి చూపుడువేలు కాలింది! మూడు నెలలుగా ఇనుము మీద పెట్టినా ఏమీ తెలియని వేలు. ఆమె ఆ వేలు నోట్లో పెట్టుకుని చీకుతూ, వదిన వైపు తిరిగి నవ్వింది.

“ఏంటే ఆ నవ్వు?”

“కాలింది వదినా!”

“కాలితే ఏడవాలే పిచ్చిదానా” అంది వదిన. కానీ ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నానికి ముప్పై అయ్యాయి. నునుపక్క నిలబడే నాలుగు ముద్దలు మింగి మళ్లీ మిషను పట్టుకుంది. టీ తాగలేదు. సైరనుకి ఇంకా గంటన్నర ఉండగానే నలభై నాలుగో అతుకు అయిపోయింది. వదిన తన మిషను ఆపి, వంగి ఆమె చెవిలో చెప్పింది. “నలభై ఎనిమిది దగ్గర ఆపెయ్. గెలవడానికి నాలుగు చాలు. ఆ నాలుగూ మిషను కొత్తది కాబట్టి వచ్చాయని సర్దిచెప్పొచ్చు.”

“సరే.”

ఇంకో వరుస ముందుకి లాక్కుని మొదలుపెట్టింది. నలభై ఎనిమిది అయింది. మేడమీద ఆఫీసు గదికి పెద్ద అద్దం ఉంది. అద్దం వెనక ఆఫీసరు నిలబడి చూస్తున్నాడు. బాబాయి వచ్చి తన చీపురు ఆమె బల్లకి ఆనించి పెట్టాడు.

నునుపక్క చీపురు వైపు చూసింది. మిషను ఇంకా చేతిలోనే ఉంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి, పది వేళ్లూ తనవే. ఎన్నాళ్లకి! తిండి దొరకనివాడి ముందు విస్తరి వేసి, నాలుగు ముద్దలు తిని లేచిపో అంటే లేస్తాడా? ఇంకొక్కటి అనుకుంది. ఆ ఒక్కటి ఎంత బాగా వచ్చిందంటే, దాని పక్కన దిద్దని అతుకు చూడలేకపోయింది. ఇంకొక్కటి. నునుపక్క అని పేరు పెట్టించుకున్న చెయ్యి అది. ఆ చేతికి గర్వం ఉంది. మూడు నెలలుగా అత్త చేత గుండీలు పెట్టించుకుని చితికిపోయిన గర్వం. యాభై. యాభై ఐదు. షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చీపుళ్లు లేచాయి. ఆమె మిషను ఒక్కటే పాడుతోంది. బాబాయి తన వరుస ముగించుకుని వచ్చి, చీపురు తీసుకుని ఆమె కాళ్ల చుట్టూ ఊడవడం మొదలుపెట్టాడు. ఆయన ఊడ్చినచోట ఆమె రవ్వలు పడుతున్నాయి. మళ్లీ ఊడుస్తున్నాడు. మళ్లీ పడుతున్నాయి. ఆమె తల ఎత్తలేదు.

సైరను మోగేసరికి అరవై రెండు.

ఆ సాయంత్రం ఇంట్లో చొక్కా పై గుండీ తనే విప్పుకుంది. రెండోదీ విప్పుకుంది. అత్త చూస్తూ నిలబడి, “అయితే రేపటి నుంచి నాకు పనిలేదన్నమాట. ఉద్యోగం ఊడగొట్టావు కదే” అంది. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని, ఎందుకో తెలియకుండా చాలాసేపు నవ్వుకున్నారు.

మూడో రోజు పొద్దున పన్నెండు మందినీ ఆఫీసు మెట్ల కింద నిలబెట్టారు. మేనేజరు పై మెట్టు మీద నిలబడ్డాడు. కొంగ బొమ్మ బ్రాండే తీసుకుంటున్నాం అన్నాడు. నలభై మిషన్లు, ఇవాళే దించుతున్నారు అన్నాడు. చప్పట్లు మోగాయి. నునుపక్క అరచేతులు నొప్పెట్టేలా కొట్టింది, ఆ నొప్పి కూడా ఆమెకి బాగుంది. ఆఫీసరు దిగివచ్చి, అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. “ఎంపిక చేసింది మేం కాదు, ఈ అమ్మ” అన్నాడు. కాగితం మీద ‘పనివారి సిఫారసు’ అన్నచోట ఆమె చేత సంతకం పెట్టించాడు. ఆమె చాలా రోజుల తర్వాత పెన్ను సరిగ్గా పట్టుకుని తన అసలు పేరు పూర్తిగా రాసింది.

తర్వాత మేనేజరు గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్లాడు. నల్ల పెన్నుతో పెద్దగా రాశాడు: మనిషికి రోజుకి 62.

చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దిగిపోయాయి.

“ఇన్నాళ్లూ మీ కష్టం నాకు తెలియలేదు” అన్నాడు మేనేజరు. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది. “పాత మిషన్లతో అవస్థ పడ్డారు. అందుకే నలభై నాలుగు దగ్గర ఆగిపోయారు. ఇప్పుడు మంచి మిషను ఇస్తున్నాం. మీలో ఒక మనిషే చేసి చూపించింది.”

“సార్” అంది నునుపక్క. “సార్, అది ఒక్క రోజు. నేను టీ కూడా తాగలేదు.”

“తాగమ్మా, ఎవరు వద్దన్నారు? తాగే చెయ్యి.”

“రోజూ అంతసేపు పట్టుకుంటే ఏ మిషనైనా ఒకటే సార్. మా చేతులు...”

“ఏం, చేతులకేమైనా ఇబ్బంది ఉందా?” మేనేజరు ఒక మెట్టు దిగాడు. “ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. ఎవరెవరికి ఉందో పేర్లు రాసుకుంటాం.”

ఆఫీసరు అట్ట తీశాడు. పన్నెండు మంది చేతులూ జేబుల్లోకి, వీపుల వెనక్కి వెళ్లిపోయాయి. నునుపక్క చేతులు కూడా.

డబ్బాలు ఆ మధ్యాహ్నమే దిగాయి. మర్నాటి నుంచి పన్నెండు బల్లల మీదా కొంగ మిషన్లే నడిచాయి. మంచి మిషన్లు, కాదని ఎవరూ అనలేరు. గంట పట్టుకుంటే మంచివి, రెండు గంటలు పట్టుకుంటే మంచివి. టీ మాని, మాట మాని, చీపురు మాని, ఆరు గంటలు పట్టుకుంటే ఆ మెత్తటి రబ్బరు కీలు కూడా ఏమీ ఆపలేదు. మధ్యాహ్నం దాటేసరికి నునుపక్క వేళ్లు మళ్లీ తెల్లబడ్డాయి. ఈసారి రెండు చేతులవీ. వదిన ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. జోకు వెయ్యాలంటే తల ఎత్తాలి. షెడ్డులో నేల మీద ఇనుపరజను చెప్పులకి అంటుకునేంత పేరుకుంది. ఊడ్చే తీరిక ఎవరికీ లేదు.

సైరనుకి ఇంకా పావుగంట ఉండగా ఆమె అరవై రెండో అతుకు అయింది. తల ఎత్తి బాబాయి బల్ల వైపు చూసింది. ఆయన యాభై ఒకటో దాని మీద ఉన్నాడు. మిషను రెక్కమీట ఆయనకి కలిసిరాలేదు. మీటను వేళ్లతో అదిమి పట్టే ఉంచాలి. ఆ వేళ్లు లేవాయన దగ్గర. అరచేతి మొదలుతో నొక్కుతున్నాడు, జారగానే మిషను ఆగిపోతోంది. మళ్లీ నొక్కుతున్నాడు, మళ్లీ ఆగిపోతోంది. మనిషిని కాపాడటానికి పెట్టిన మీట అది. ఆయన వంగిన వీపు మీద చొక్కా చెమటకి అంటుకుపోయింది. ఆయన లెక్కలో ఇంకా పదకొండు అతుకులు ఉబ్బుకుని అలాగే ఉన్నాయి.

నునుపక్క తన మిషను పట్టుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడింది. “జరుగు బాబాయ్. ఆ చివరి నుంచి నేను వస్తాను.”

“వద్దమ్మా.”

“జరుగు!”

ఆయన అరవై రెండో అతుకు మీద డిస్కు ఆనించింది. రవ్వలు లేచాయి. నున్నగా వస్తోంది. అంత నొప్పిలోనూ నున్నగానే వస్తోంది, అదే ఆ చేతికి పట్టిన శాపం. అప్పుడు వదిన వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, నడుస్తున్న మిషను నుంచి బ్యాటరీ ఊడబెరికింది. డిస్కు మూలిగి ఆగింది.

“నీకు పిచ్చా? పైకి చూడు!”

అద్దం వెనక ఆఫీసరు నిలబడి ఉన్నాడు. చేతిలో అట్ట ఉంది.

“ఆ పదకొండూ నువ్వు చేస్తే డెబ్భై మూడవుతాయే! నీకింకా ఓపిక మిగిలుందని చూస్తున్నాడు. రేపు పొద్దున బోర్డు మీద డెబ్భై మూడు రాస్తాడే తల్లీ!”

నునుపక్క బ్యాటరీ లేని మిషనును పట్టుకుని అలాగే నిలబడింది. సాయం చేస్తే అంకె పెరుగుతుంది. చెయ్యకపోతే మనిషి పోతాడు. మూడో దారి ఉంది, మూడు రోజుల కిందట కుళాయి దగ్గర దాన్ని తనే నవ్వి పారేసింది. బాబాయి ఆమె వైపు చూడలేదు. మణికట్టుతో తన మిషను ఎత్తి, మీట మీద అరచెయ్యి ఆనించి, యాభై రెండో అతుకు మీద పెట్టాడు. నడిచింది. జారింది. ఆగింది.

సైరను మోగింది.

మర్నాడు ఆయన బల్ల ఖాళీగా ఉంది. మేనేజరు ఎంతో దయగా మాట్లాడాడట.

అయ్యా, మీరు ఏమంటారో తెలుసు. మంచి బ్రాండే కొన్నాం కదా అంటారు. ఆవిడ సంతకం ఉంది కదా అంటారు. ఆ సంతకం నాలిక్కి రాసుకోండి. ఇప్పుడు చెయ్యాల్సింది వినండి. బాబాయి ఇంటికి మనిషిని పంపించి కాదు, మీరే నడిచి వెళ్లి ఆయన్ని వెనక్కి తీసుకురండి. ఒక మనిషి చెయ్యి రోజుకి ఎంతసేపు మిషను పట్టుకోవచ్చో డాక్టర్లని అడిగి, గంటల్లో, నిమిషాల్లో షెడ్డు గోడ మీద రాయించండి. ఆ సేపు అయిపోతే ఎన్ని అతుకులు మిగిలినా మిషను ఆగాలి. ఇక అన్నల్లారా, అక్కల్లారా, మీరు వాళ్ల దయ కోసం మెట్ల కింద నిలబడకండి. జేబుల్లోంచి చేతులు తీయండి. ఒక్కరు వెళితే విశ్రాంతి ఇస్తారు. షెడ్డంతా వెళ్లి నిలబడితే ఎంతమందికి ఇస్తారో చూద్దాం. వెళ్లండి, రేపే వెళ్లండి, సైరను మోగకముందే వెళ్లండి.

వెళ్లగానే మొట్టమొదట ఆ బోర్డు మీది అంకె తుడవండి. తుడిచాకే మాటలు.